ఆదివారం ఆకలేసిన పురుగు

నవంబరు 3, సోమవారం

గుమ్మడికాయ తేలింది. చింతపిక్క మునిగింది. అంగన్‌వాడీ అంతా ఒకటే గోల.

సోడా బండి మానేశాక ఇక్కడికొచ్చి పిల్లలకు ఇలాంటివి చూపిస్తుంటాను. నా పద్ధతి ఒకటే. ముందు చెప్పు, తర్వాత వెయ్యి, తర్వాత చూడు. నాలుగేళ్ల పిల్లలకు అంతకంటే సైన్సు అక్కర్లేదు. పెద్దవాళ్లకూ అక్కర్లేదు కానీ వాళ్లు చెప్పడం దగ్గరే ఆగిపోతారు.

సుజాత టీచర్ తొట్టి నిండా నీళ్లు పట్టి ఇచ్చింది. గుడ్లు ఉడికించే ఆయమ్మ మాత్రం తడిసిన నేలనూ నన్నూ మార్చి మార్చి చూసింది. గుడ్డ తెచ్చి నా ముందు పడేసింది. తుడిచాను.

రంగమ్మ మనవరాలు హర్షిత ఒక్కతే తొట్టి వదల్లేదు. చింతపిక్కను తీయడం, వేయడం, తీయడం, వేయడం. ఎప్పటికైనా తేలుతుందని ఆశ కాబోలు అనుకున్నాను. కాదట. ‘అది లోపలికి పోతాంటే ఊగుతాండాది తాతా’ అంది. వంగి చూశాను. నిజమే. పిక్క ఊగుతూ దిగుతోంది. ఇన్నేళ్ల వయసొచ్చి నేను చూడనిది.

నవంబరు 4, మంగళవారం

ఈరోజు ఎండబిళ్ల. పేరు పిల్లలదే. వరండా రేకుకు ఒక మేకు బొక్క ఉంది. అందులోంచి ఎండ గుండ్రంగా నేల మీద పడుతుంది. దాని చుట్టూ సుద్దముక్కతో గీత గీయించాను. పోయి అన్నం తిని రమ్మన్నాను. తిరిగొచ్చేసరికి బిళ్ల గీత దాటి అవతల కూర్చుంది. ఎవరు జరిపారని కాసేపు తగువు. ఆయమ్మ మీదే అందరికీ అనుమానం.

అట్టముక్కకు మూడు మూలల చిన్న బొక్క చేసి ఎండకు పట్టాను. బిళ్ల గుండ్రంగానే పడింది. నాలుగు మూలల బొక్క... అదీ గుండ్రమే. ఆ గుండ్రం బొక్కది కాదురా, సూర్యుడిది, అక్కడున్నాయన ఇక్కడ మన నేల మీద కూర్చున్నాడు అన్నాను. ఒకడు వెంటనే కాలు వెనక్కి తీసుకున్నాడు, సూర్యుణ్ణి తొక్కకూడదని.

ఇదంతా నాకెలా తెలుసంటే... గోలీ సోడా అమ్మే రోజుల్లో హిందూపురం బస్టాండు దగ్గర పాత పుస్తకాల బండిలో ఒక కాలేజీ ఫిజిక్సు కొన్నాను. మొదటి సగం చిరిగిపోయింది. వెలుతురు పాఠం నుంచీ ఉంది. అందుకే వెలుతురు గురించి ఎవరైనా అడిగితే గంటసేపు చెబుతాను. వేడి గురించి అడిగితే టీ తాగుదాం పదప్పా అంటాను.

హర్షిత వాళ్ల పట్టుపురుగుల షెడ్డులో కూడా ఒక ఎండబిళ్ల ఉందట, బయట దోమతెరలోంచి చూస్తుందట. రేకు మార్పించాలని అవ్వ అంటుందట. మార్చొద్దని చెప్పు అన్నాను.

నవంబరు 6, గురువారం

రంగమ్మ గుప్పెడు పట్టుపురుగులు ఇవ్వనంది.

పిల్లలకు చూపిద్దామని అడిగాను. తలా ఒకటి, ఐస్‌క్రీం కప్పులో వేసి, ఆకు పెట్టి పెంచమందామని. ఈ ఊళ్లో సగం ఇళ్ల అన్నం ఆ పురుగుదే. కానీ షెడ్డులోకి పిల్లల్ని రానివ్వరు, పురుగు ముఖం చూడకుండానే పెరుగుతారు. రంగమ్మ బ్లీచింగు నీళ్లలో చేతులు ముంచుతూ, పంట ఇంట్లో ఉండగా పురుగు గడప దాటకూడదంది. నాకు తెలుసు ఆ ఆచారం. బయటి మనిషి లోపలికి పోకూడదు, లోపలి పురుగు బయటికి రాకూడదు. అయినా అడిగి చూద్దామని అడిగాను.

పోయిన పంట మొత్తం చచ్చింది వాళ్లకు. రంగమ్మ కొడుకు, హర్షిత నాన్న శివప్ప బైకు మీద కూర్చునే అన్నాడు, ఊరికే అన్నట్టు. ‘ఈ పంట గూడా పోతే మల్బరీ తోట పీకేస్తా మామా. పెనుకొండ కాడ కార్ల కంపెనీకి పోతా.’ రంగమ్మ వినపడనట్టే చేతులు కడుక్కుంటూ ఉంది. ఆ తోట ఆమె కూలి పని మాని నాటుకున్నది.

నవంబరు 7, శుక్రవారం

ధర్మవరంలో అక్కను చూసి, వస్తూ పెనుకొండలో దిగాను. అక్కడ పురుగులు మేపే పాత స్నేహితుడొకడున్నాడు. ఆచారాలంటే వాడికి నాకంటే తక్కువ పట్టింపు. మూడో జ్వరం దాటిన పురుగులు గుప్పెడు ఇచ్చాడు, బిస్కెట్ల డబ్బాలో. జ్వరమంటే జ్వరం కాదు. పురుగు పొర విడిచే ముందు మేత మాని కదలకుండా పడుకుంటుంది, దానికిక్కడ ఆ పేరు.

రైల్లో ఎదుటి సీటామె, ఒడిలో ధర్మవరం పట్టుచీర పొట్లం. డబ్బాలో ఏముందని అడిగింది. మూత తీసి చూపించాను. అవతలి సీటుకు జరిగిపోయింది, చీర పొట్లాన్ని గుండెకు హత్తుకుని.

నవంబరు 8, శనివారం

గొప్ప రోజు. తలా ఒక కప్పు, కప్పుకొక పురుగు. పేర్లు పెట్టుకున్నారు. ఒకరు బుజ్జి, ఒకరు జేసీబీ. హర్షిత పేరు పెట్టలేదు. ముందు దాని ముఖం ఎటుందో తెలియాలంది.

చెవి దగ్గర పెట్టుకుని విన్నారు, ఆకు కొరికే చప్పుడు. అన్నం వద్దని రోజూ ఏడ్చే పిల్ల పురుగును చూస్తూ ముద్దలు మింగింది. సుజాత టీచర్ నా వైపు చూసి నవ్వింది.

పొయ్యేముందు ఒక ప్రశ్న వదిలాను. పురుగులకు ఆదివారం సెలవు లేదు, రేపు వాటికి ఆకలేస్తే ఎలా? జవాబు చెప్పలేదు. ప్రశ్న వేసి ఊరుకోవడం నా అలవాటు. పిల్లలు ఆదివారమంతా ఆలోచించి సోమవారం చెబుతారని. నిజానికి కప్పులన్నీ నేనే ఇంటికి తెచ్చుకున్నాను, పళ్లెంలో పేర్చి, మీద తడిగుడ్డ కప్పి.

నవంబరు 9, ఆదివారం

అన్ని కప్పుల్లోనూ మీద కొత్త ఆకు వేశాను. ఒకటి నిన్నటి ఆకు ముట్టలేదు. జ్వరానికి పడుకుందేమో.

నవంబరు 10, సోమవారం

జ్వరం కాదు. బిగుసుకుపోయింది. వేలితో తాకితే పుల్లలా ఉంది. ఒక పక్క తెల్లగా సున్నం కొట్టినట్టు... సున్నకట్టు రోగం. ఒకదానికి వస్తే పక్కదానికి, పక్కదాని నుంచి షెడ్డుకు.

ఇంకా ఉంది. హర్షిత కప్పులో ఆకు కింద ఏమీ లేదు. నిన్న పై ఆకు ఎత్తి చూడలేదు నేను.

ఎక్కడే నీ పురుగు అంటే ఎంత సంతోషంగా చెప్పిందో. శనివారం ఇంటికి పోతూ చేతిలో పట్టుకుపోయిందట. అవ్వ స్నానానికి పోయినప్పుడు షెడ్డులో పెట్టేసిందట. ‘నువ్వే గదా అంటివి, ఆదివారం ఆకలేస్తాదని. ఆడ శానా ఆకుండాది తాతా.’

ఇంతమందిలో నా ప్రశ్నకు జవాబు కనిపెట్టింది అదొక్కతే.

అదే రోజు, సాయంత్రం

రంగమ్మకు చెప్పేశాను. మధ్యాహ్నమంతా చెప్పకుండా ఉండటానికి మంచి కారణాలే దొరికాయి. దాని పురుగుకు రోగం లేకపోవచ్చు. షెడ్డులో వేల పురుగులు, ఒక్కటి ఏం చేస్తుంది... ఆ కారణాలు నాకే నచ్చలేదు. లేచి పోయాను.

రంగమ్మ విని చేతులు తుడుచుకుంది. పిల్లను పక్కన కూర్చోబెట్టుకుంది. ‘నేను ఇయ్యనంటి. నువ్వు యాడనుంచో తెస్తివి’ అంది నాతో. అంతే. ఆపైన నాతో మాట్లాడలేదు, పిల్లతోనే.

‘యాడ పెట్టినావు పాపా?’

‘ఎండబిళ్ల కాడ.’

‘అదేడుంటాదే?’

‘పాల వ్యాను హారన్ కొట్టె గదా అవ్వా, అప్పుడు యాడుండెనో ఆడ.’

శివప్ప తల పట్టుకున్నాడు. పురుగులన్నీ ఒకేలా ఉంటాయి, పైగా అన్నీ నాలుగో జ్వరానికి పడుకుని ఉన్నాయి. అంత షెడ్డులో ఏ పురుగని వెతకడం? అన్నీ ఎత్తి పారేయడమే అన్నాడు. నా కళ్లు మాత్రం మెరిశాయి. మెరవకూడని సమయమే, కానీ ఏం చేయను? పట్టుపురుగు మేత ఉన్నచోటు వదిలి తిరిగే రకం కాదు. పెట్టినచోట దాదాపు అక్కడే ఉంటుంది. ఎండబిళ్ల శనివారం పడినచోటే ఈరోజూ అదే వేళకు పడాలి. పాల వ్యాను రోజూ ఒకే వేళకు వస్తుంది. చూస్తే దొరుకుతుంది.

చెప్పాను. రంగమ్మ కొడుకు వైపు చూసింది. సరే, చూద్దామంది.

కాళ్లు కడిగించి, సున్నంలో నడిపించి, నన్ను కూడా షెడ్డులోకి రానిచ్చారు. పాల వ్యాను వచ్చింది. హారన్ కొట్టింది. ఎండ లేదు. పొద్దున్నుంచీ మబ్బే. ఆ సంగతి నాకు తోచనే లేదు.

‘రేపటిదంకా ఆగల్ల’ అంది రంగమ్మ. ఆగడమంటే ఏమిటో ఆమెకు తెలుసు. రోగం ఉంటే ఆ రాత్రి కూడా అది పని చేస్తుంది.

మిగతా పురుగులన్నిటినీ కప్పులతో సహా కాల్చేశాను. పిల్లలకు రేపు చెప్పాలి.

నవంబరు 11, మంగళవారం

పొద్దున పిల్లలకు చెప్పాను, పురుగులకు జబ్బు చేసింది, కాల్చేశానని. జేసీబీని కూడానా అన్నారు. జేసీబీని కూడా. ఒకడు ‘నొప్పేసిందా?’ అని అడిగాడు. తెలియదన్నాను. సుజాత టీచర్ పక్కకు పిలిచి, ఇకమీద ప్రశ్న అడిగిన రోజే జవాబు కూడా చెప్పి పొమ్మంది. మళ్లీ రావద్దంటుందేమోనని భయపడుతూ నిలబడ్డవాణ్ణి... అనలేదు. చెప్పి పోతానమ్మా అన్నాను.

సాయంత్రం. మధ్యాహ్నం దాకా మబ్బు, తర్వాత విడిచింది. షెడ్డులో మేం నలుగురం. రంగమ్మ, శివప్ప, హర్షిత, నేను. ముట్టుకోకూడదని చెప్పడంతో పిల్ల రెండు చేతులూ వెనక్కి కట్టుకుంది. బిళ్ల ముందు నేల మీద పడింది. మసకగా, పోతూ వస్తూ. మెల్లగా జరిగింది. పురుగుల పడకలున్న స్టాండ్లలో మూడోదాని అంచు ఎక్కింది. పిల్లలకు అంత చెప్పానే గానీ, అది నిజంగా నడవడం నేనూ ఇంతసేపు నిలబడి ఎప్పుడూ చూడలేదు.

వ్యాను హారన్ కొట్టింది.

‘ఆడ’ అంది హర్షిత, గడ్డంతో చూపిస్తూ.

రంగమ్మ అక్కడ ఆకుతో, కొమ్మలతో సహా పడక కోయబోయింది. ఆగమ్మా, మూడు రోజుల్లో సూర్యుడు కొంచెం జరిగి ఉంటాడు, ఇంకొంచెం ఎక్కువ తీయమన్నాను. ఎటు పక్క జరిగుంటాడని అడిగింది. నా పుస్తకంలో వెలుతురు ఉంది కానీ ఆకాశం ఉన్న పాఠం చిరిగిన సగంలో పోయింది.

‘రెండు పక్కలా తీద్దాంలేమ్మా’ అన్నాను.

‘అట్ల చెప్పు’ అంది. నిన్నటి తర్వాత కోపం లేకుండా నాతో అన్న మొదటి మాట.

రెండు పక్కలా తీసింది, దండిగా. ఎన్ని పురుగులు పోయాయో. శివప్ప గుంతలో వేసి పైన సున్నం పోసి పూడ్చాడు. స్టాండంతా సున్నం పొడి చల్లారు. పొర విడవడానికి పడుకున్న పురుగులు, తెల్లటి పొడి కింద, ఏమీ పట్టనట్టు.

నవంబరు 12, బుధవారం

అంగన్‌వాడీలో అయస్కాంతం. ఇసుకలో లాగితే నల్లటి వెంట్రుకల్లా ఇనుప రజను అంటుకుంది. అయస్కాంతానికి మీసాలు వచ్చాయన్నారు. సరేనన్నాను.

నవంబరు 13, గురువారం

రంగమ్మ పురుగులు జ్వరం లేచాయి. వీధిలోకి వినిపిస్తోంది మేత చప్పుడు, గోనెసంచి మీద ఎవరో బియ్యం ఒంపుతున్నట్టు.

నవంబరు 15, శనివారం

మూడో స్టాండులో కొన్ని చచ్చాయి. బిగుసుకుని. నాలుగో స్టాండులోనూ ఒకటీ అరా. రంగమ్మ పుల్లలతో ఏరి సున్నపు నీళ్లలో వేస్తోంది. పొద్దునా సాయంత్రం అదే పని.

పిల్లను మళ్లీ షెడ్డులోకి రానివ్వడం లేదు. బయట దోమతెరకు ముఖం ఆనించి నిలబడి ఉంది. పోయి పక్కన నిలబడ్డాను. ముఖం మీద తెర గళ్లు అచ్చుపడ్డాయి. ఎప్పట్నుంచి నిలబడిందో.

‘నా పురుగు చేసిందా తాతా?’

నువ్వు కాదు, నేను చేశాను అనబోయాను. అడిగింది అది కాదు. పురుగు చేసిందా అని. తెలియదన్నాను. సాధారణంగా కూడా కొన్ని చస్తాయి. ఇవి అలా చచ్చినవో, దానివల్ల చచ్చినవో.

‘ముందు చెప్పల్ల, మళ్లా చూడల్ల అంటావు గదా’ అంది. ‘చెప్పు తాతా. పంట వస్తాదా, పోతాదా?’

పిల్లలను ఈ మాట ఎన్నిసార్లు అడిగానో. గుమ్మడికాయ తేలుతుందా, మునుగుతుందా... తొట్టి ముందు నిలబడి అడగడం సులభం.

‘వస్తుంది’ అన్నాను.

గట్టిగానే అన్నాను. పక్కకు తిరిగి చూశాను, వాకిట్లో శివప్ప కూడా విన్నాడు.

నవంబరు 16, ఆదివారం

తప్పు చెప్పినా ఫరవాలేదు, చెప్పి చూడమనే కదా పిల్లలకు నేర్పేది. నాకు నేను ఇది చాలాసార్లు చెప్పుకున్నాను ఈరోజు.

నవంబరు 17, సోమవారం

చావులు నిన్నటికంటే తక్కువ. రంగమ్మ అలా అనలేదు. ఏరే గిన్నె చూసి నేనే అనుకున్నాను.

శివప్ప ట్రాక్టరు అతన్ని అడిగాడట, మల్బరీ మొదళ్లు పీకాలంటే ఎప్పుడు వస్తావని. ఊరికే అడిగినాను మామా అన్నాడు నాతో. ఊరికే ఎవరడుగుతారప్పా అన్నాను. నవ్వాడు. పెనుకొండలో కంపెనీ బస్సు ఎక్కడ ఆగుతుందో కూడా కనుక్కున్నాడట. అదీ ఊరికేనే.

నవంబరు 19, బుధవారం

పండాయి!

పురుగు పండటమంటే మేత మాని, ఒళ్లు పచ్చబడి, తల ఎత్తి అటూ ఇటూ ఊపుతూ గూడు కట్టే చోటు వెతకడం. ఆ పూట ఆచారాలన్నీ పక్కకు పోతాయి. ఇరుగుపొరుగు అందరినీ పిలుస్తారు, ఏరడానికి చేతులు చాలవు. నన్నూ పిలిచారు. సుజాత టీచర్ మధ్యాహ్నం సెంటరు మూసి పిల్లలతో సహా వచ్చింది. పిల్లలను బయటే, చింతపండు ఆరబెట్టే చాప మీద కూర్చోబెట్టాం. పండిన పురుగు చేతికి మెత్తగా, కొంచెం చల్లగా. ఏరి చంద్రికల మీద, గూళ్ల కోసం వెదురుతో వంపులు అల్లిన తట్టల మీద, వేస్తే వంపుల్లో దూరి పని మొదలుపెడతాయి.

హర్షిత అవ్వను అడిగి ఒక పురుగును తీసుకుంది. అరచేతిలో పెట్టుకుని ఎండకు అడ్డంగా ఎత్తింది. పురుగు లోపలంతా వెలుగు, పండిన ద్రాక్షలా. చాప మీదున్న పిల్లలంతా లేచి వరుసలో నిలబడ్డారు. ఒక్కొక్కరికీ చూపించింది. ఎవరూ చెప్పకుండానే, చూపించే ముందు ఒక్కొక్కరినీ అడిగింది, ‘లోపల ఏముంటాదో చెప్పు.’ నేను చంద్రిక పట్టుకుని నిలబడిపోయాను. శివప్ప అరిచాడు, మామా, పురుగులు నీ చొక్కా మీద గూడు కడతాండాయి అని.

నవంబరు 20, గురువారం

అల్లుతున్నాయి. గాలి ఆడాలి, ఎవరూ కదపకూడదు. పనిలేదు. అందరికీ చేతులు ఏం చేసుకోవాలో తెలియడం లేదు.

నవంబరు 22, శనివారం

చంద్రికలన్నీ తెల్లగా నిండాయి. ఎవరు చూసినా పంట వచ్చిందనే అంటారు. కానీ సున్నకట్టు గూడు లోపల కూడా చంపుతుంది. పైకి గూడు చక్కగానే ఉంటుంది, లోపల పురుగు ఎండి గట్టిపడుతుంది. అలాంటివి మార్కెట్లో ఎవరూ ముట్టరు. ఊపి చూస్తే తెలుస్తుంది. బతికున్నదైతే బరువుగా, మెత్తగా తగులుతుంది. ఎండినదైతే గింజలా గలగలమంటుంది.

రంగమ్మ మూడో స్టాండు పక్క చంద్రిక నుంచి ఒకటి తుంచింది. ఒక్క గూడుతో పంట తేలదు. అయినా అందరం దాని చుట్టూ మూగాం. శివప్ప హెల్మెట్ చేతిలో పట్టుకుని గుమ్మంలో ఆగాడు.

నాకిచ్చింది ముందు, పెద్దవాణ్ణని. చెవి దగ్గర పెట్టి ఊపాను. సోడా సీసాలు చెవి పక్కన పగిలీ పగిలీ నా చెవులు ఎప్పుడో పోయాయి. ఏమీ వినపడలేదు. గూడును హర్షిత చేతిలో పెట్టాను.

పిల్ల కళ్లు మూసుకుంది. చెవికి ఆనించింది. మెల్లగా ఒకసారి ఊపింది. ఆగింది. రెండో చెవికి మార్చింది.

‘ఏమంటాండాది పాపా?’ అన్నాడు శివప్ప.

‘ఉండు నాయనా’ అంది, కళ్లు తెరవకుండానే. ‘ఇంగా ఇంటాండా.’